గర్భిణి ఉద్యోగినికి తేలిక పని హక్కే.. కానీ అడిగితేనే! ఎప్పుడు, ఎలా అడగాలి?

నిజామాబాద్ ఖలీల్‌వాడీలోని ఏ ప్రైవేటు ఆసుపత్రికైనా వెళ్లి చూడండి. చెకప్‌కు వచ్చిన గర్భిణికి ‘ఎక్కువసేపు నిలబడకమ్మా’ అని చెప్పే నర్సు తానే ఏడో నెల కడుపుతో ఉండొచ్చు. ఆమె మాత్రం పొద్దున్నుంచీ నిలబడే ఉంటుంది. బట్టల దుకాణంలో సేల్స్‌గర్ల్, ప్రైవేటు స్కూల్లో టీచర్, కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొట్టే కండక్టర్, ఇంటి అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే మహిళ.. పనులు వేరైనా నెల తప్పగానే పట్టుకునే దిగులు ఒక్కటే: ‘ఈ సంగతి చెబితే పని ఉంటుందా, పోతుందా?’

ఆ దిగులుతోనే కొందరు కడుపు కనిపించే దాకా నోరు విప్పరు. నిజానికి నష్టం మొదలయ్యేది అక్కడే. ఎందుకంటే కాన్పుకు ముందు బరువు పనులు, ఎక్కువసేపు నిలబడే పనులు చేయించకూడదని చట్టం చెబుతోంది కానీ, దానికి ఒక షరతు పెట్టింది. ఆ మేరకు మీరు అడగాలి. అడగకపోతే యజమాని ఇవ్వకపోయినా తప్పు పట్టడం కష్టం. కాబట్టి ‘టెన్షన్ పడకు, అంతా మంచే జరుగుతుంది’ అనే ఓదార్పు కన్నా మీకు ముందుగా కావలసింది ఒక కాగితం, దాని మీద ఒక తేదీ. అది ఎలా సంపాదించాలో చూద్దాం.

ఒత్తిడి మనసులోనే ఉంటుందా?

ఉండదు. పని గంటలు, పని చేసే తీరు, జీతం మీద భయం.. ఈ మూడూ కలిసి గర్భిణి శరీరం మీద పడతాయి. రాత్రి షిఫ్టులు, మాటిమాటికీ మారే షిఫ్టులు, సుదీర్ఘమైన పని గంటలు, బరువులు ఎత్తడం, గంటల తరబడి నిలబడటం వంటివాటికీ గర్భస్రావం, నెలలు నిండకుండానే కాన్పు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టడం వంటి ముప్పులకూ సంబంధం ఉన్నట్లు అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. ఆ పనులు చేసిన వారందరికీ ఇలా జరుగుతుందని కాదు, ముప్పు పెరుగుతుందని అర్థం. రక్తహీనత, బీపీ, షుగర్ ఉన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో దాదాపు 10 శాతం, కొత్తగా ప్రసవించిన వారిలో 13 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యను, ముఖ్యంగా కుంగుబాటును ఎదుర్కొంటున్నారు. వర్ధమాన దేశాల్లో ఈ సంఖ్య ఇంకా ఎక్కువ: గర్భంతో ఉన్నప్పుడు 15.6 శాతం, కాన్పు తర్వాత 19.8 శాతం. అంటే ఇది ఎవరో ఒకరిద్దరు ‘సున్నిత మనస్కుల’ సమస్య కాదు.

ఇప్పుడు ఏ చట్టం అమల్లో ఉంది?

ఇన్నాళ్లూ దీనికి ఆధారం 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టం. 2017లో దాన్ని సవరించి జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. 2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. దాంతో ఈ నిబంధనలు సామాజిక భద్రత కోడ్, 2020లోని ఆరో అధ్యాయంలోకి చేరాయి. చట్టం పేరు, సెక్షన్ల నంబర్లు మారాయి కానీ 26 వారాల సెలవు, తేలిక పని, ఉద్యోగ రక్షణ వంటి ప్రధాన హక్కులు అలాగే ఉన్నాయి. ‘ఆ చట్టం రద్దయింది కదా’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

ఎవరికి వర్తిస్తుంది?

* ఫ్యాక్టరీలు, గనులు, తోటల్లో పనిచేసే మహిళలకు.
* 10 మంది లేదా అంతకు మించి పనిచేసే దుకాణాలు, సంస్థల్లోని మహిళలకు. ఆసుపత్రులు, స్కూళ్లు, షోరూములు, ఆఫీసులు దాదాపుగా ఈ కోవలోకే వస్తాయి. గడిచిన 12 నెలల్లో ఏ ఒక్క రోజు పది మంది పనిచేసినా చాలు.
* డాక్టరు చెప్పిన కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ సంస్థలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. జీతంతో కూడిన సెలవు రోజులూ ఈ లెక్కలోకి వస్తాయి.

మీరు పర్మినెంటా, కాంట్రాక్టా, రోజు కూలీనా అన్నది అడ్డంకి కాదు. ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్‌లో మస్టర్ రోల్ మీద పనిచేసిన మహిళల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే ఈ విషయం తేల్చింది. కాంట్రాక్టు గడువు ముగిసినంత మాత్రాన ప్రసూతి ప్రయోజనం ఆగిపోదని 2023 ఆగస్టులో మరో కేసులో స్పష్టం చేసింది.

జీతం నెలకు రూ.21 వేల లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతుంటే ఈ డబ్బు మీకు యజమాని నుంచి కాకుండా ఈఎస్ఐ కార్పొరేషన్ నుంచి వస్తుంది. అందుకు అంతకు ముందరి రెండు కంట్రిబ్యూషన్ పీరియడ్లలో కలిపి కనీసం 70 రోజుల చందా చెల్లించి ఉండాలి. జీతం స్లిప్పులో ఈఎస్ఐ కోత ఉందో లేదో ఈ రోజే చూసుకోండి. కోసినట్లు చూపించి కట్టకపోతే ఆ సంగతి కాన్పు రోజు తెలిస్తే లాభం లేదు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు సర్వీసు నిబంధనల ప్రకారం 180 రోజుల ప్రసూతి సెలవు ఉంటుంది.

తేదీల లెక్క ఇలా

మీ కాన్పు తేదీ నవంబరు 15 అని డాక్టర్ రాశారనుకుందాం.

* సెప్టెంబరు 4 నుంచి: తేలిక పని అడిగే హక్కు మొదలవుతుంది. కాన్పుకు ముందరి ఆరు వారాలు, వాటికి ముందు ఒక నెల.. ఈ కాలంలో మీరు కోరితే శ్రమతో కూడిన పని, ఎక్కువసేపు నిలబడే పని, గర్భానికి హాని చేసే పని మీతో చేయించకూడదు.
* సెప్టెంబరు 20 నుంచి: జీతంతో సెలవు మొదలుపెట్టొచ్చు. కాన్పుకు ముందు గరిష్ఠంగా 8 వారాలు వాడుకోవచ్చు.
* అక్టోబరు 4 నుంచి: ఆఖరి ఆరు వారాలు. ఈ రోజుల్లో సెలవు పెట్టకుండా డ్యూటీకి వెళ్తున్నా తేలిక పని హక్కు కొనసాగుతుంది.
* కాన్పు తర్వాత 6 వారాలు: మీరు వస్తానన్నా యజమాని మీతో పని చేయించకూడదు.

మొత్తం సెలవు 26 వారాలు, అంటే 182 రోజులు. ముందు వాడుకోని రోజులు కాన్పు తర్వాతకు మిగులుతాయి. ఇప్పటికే ఇద్దరు పిల్లలు ఉంటే మాత్రం 12 వారాలే, అందులో కాన్పుకు ముందు ఆరు వారాలకు మించి వాడలేరు. గర్భస్రావమైతే 6 వారాలు, ట్యూబెక్టమీ చేయించుకుంటే 2 వారాలు జీతంతో సెలవు ఉంటుంది. గర్భం వల్ల, కాన్పు వల్ల అనారోగ్యం వస్తే మరో నెల వరకు అదనంగా ఇస్తారు. వీటన్నింటికీ డాక్టరు సర్టిఫికెట్ తప్పనిసరి.

ఏడో నెలకు ముందే బీపీ పెరిగి డాక్టర్ విశ్రాంతి చెబితే? ఆ మాటను చీటీ మీద రాయించుకోండి. ‘ఎక్కువసేపు నిలబడకూడదు’, ‘రాత్రి డ్యూటీ వద్దు’, ‘బరువులు ఎత్తకూడదు’ అని విడివిడిగా రాయమని అడగండి. ఉత్త ‘రెస్ట్’ అని రాస్తే సూపర్‌వైజర్‌కు ఏం మార్చాలో తెలియదు. రాత్రి షిఫ్టు విషయంలో కొత్త కోడ్‌లలో మరో ఆసరా ఉంది. రాత్రి 7 తర్వాత, ఉదయం 6కు ముందు మహిళతో పని చేయించాలంటే ఆమె సమ్మతి ఉండాలి.

డబ్బు ఎంత, ఎప్పుడు వస్తుంది?

సెలవుకు ముందరి మూడు నెలల్లో మీ సగటు రోజు వేతనం ఎంతో అంత, ప్రతి రోజుకూ ఇవ్వాలి. రోజుకు రూ.400 సగటు వస్తే 182 రోజులకు రూ.72,800. ఆదివారాలు తీసేసి లెక్కకట్టడం కుదరదు. కోయంబత్తూరు ప్రాంతంలోని ఓ తోట కార్మికురాలి కేసులో సుప్రీంకోర్టు 1977లోనే ఆదివారాలనూ కలపాలని తీర్పు ఇచ్చింది.

కాన్పుకు ముందరి సెలవు కాలానికి డబ్బు ముందుగానే, గర్భధారణ రుజువు చూపగానే ఇవ్వాలి. మిగతాది కాన్పు రుజువు ఇచ్చిన 48 గంటల్లో చెల్లించాలి. సంస్థ ఉచితంగా వైద్యం అందించకపోతే దీనికి అదనంగా రూ.3,500 మెడికల్ బోనస్ ఉంటుంది.

లేఖలో ఏం రాయాలి?

తెలుగులో రాసినా చాలు. పెద్ద భాష అక్కర్లేదు. నమూనా ఇది:

*‘నేను మీ సంస్థలో ఫలానా తేదీ నుంచి ఫలానా పని చేస్తున్నాను. నేను గర్భవతిని. డాక్టర్ చెప్పిన కాన్పు తేదీ ఇది. ఈ తేదీ నుంచి నాకు నిలబడి చేసే పని, బరువులెత్తే పని కాకుండా కూర్చుని చేసే పని ఇవ్వాలని కోరుతున్నాను. ఈ తేదీ నుంచి ప్రసూతి సెలవు తీసుకుంటాను. ఆ కాలంలో మరెక్కడా పని చేయను. నాకు రావలసిన డబ్బు నాకు గానీ, నేను సూచించిన ఫలానా వ్యక్తికి గానీ చెల్లించగలరు. డాక్టర్ సర్టిఫికెట్ జత చేశాను.’*

రెండు కాపీలు తీయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ‘అందింది’ అని సంతకం, తేదీ వేయించుకోండి. సంతకం పెట్టకపోతే గొడవ పడకండి. అదే లేఖను పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. వాట్సాప్‌లోనో ఈమెయిల్‌లోనో ఫొటో కూడా పంపండి. నోటిమాటగా ‘సార్‌కు చెప్పాను’ అన్నది రేపు రుజువుగా నిలవడం కష్టం.

కాన్పుకు ముందు లేఖ ఇవ్వలేకపోయారా? కాన్పు తర్వాత వీలైనంత త్వరగా ఇవ్వండి. ఆలస్యమైందన్న ఒక్క కారణంతో హక్కు పోదు.

‘రేపటి నుంచి రావద్దు’ అంటే?

ప్రసూతి సెలవులో ఉన్న మహిళను ఆ కారణంతో తొలగించడం చట్టవిరుద్ధం. జీతం, హోదా తగ్గించేలా సర్వీసు షరతులు మార్చడమూ కుదరదు. తేలిక పని ఇచ్చినందుకు జీతం కోయడమూ కుదరదు. గర్భంతో ఉండగా తీసేసినా, తీసేయకుంటే రావలసిన ప్రసూతి డబ్బు ఇవ్వాల్సిందే. తీవ్రమైన దుష్ప్రవర్తన కారణంగా తొలగిస్తే మాత్రం మినహాయింపు ఉంటుంది. దాన్ని కూడా రాతపూర్వకంగా చెప్పాలి. తొలగింపు ఉత్తర్వు అందిన 60 రోజుల్లోగా అప్పీలు చేసుకోవాలి. ఈ గడువు దాటనివ్వకండి.

బలవంతంగా రాజీనామా రాయించుకునే ప్రయత్నం జరిగితే సంతకం పెట్టకండి. ‘ఇంట్లో అడిగి చెబుతా’ అని బయటకు వచ్చేయండి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి:

* జిల్లా కార్మిక శాఖ కార్యాలయం: డబ్బు ఇవ్వకపోయినా, తీసేసినా ఇక్కడే. కొత్త కోడ్‌లో తనిఖీ అధికారిని ‘ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్’ అంటారు.
* ప్రజావాణి: సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు.
* 15100: న్యాయసేవా సంస్థ నంబరు. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. దీనికి తెల్ల కార్డు అవసరం లేదు.
* 181: మహిళా హెల్ప్‌లైన్. వేధింపులుంటే ఫోన్ చేయండి.

ఇంట్లో బీడీలు చుట్టేవారి సంగతి?

నిజామాబాద్ జిల్లాలో ఇది వదిలేయడానికి వీల్లేని ప్రశ్న. బీడీ పని చేసేవారిలో ఎక్కువ మంది మహిళలే, అదీ ఇంట్లోనే. పని గంటలుండవు, లెక్కంతా వెయ్యి బీడీల మీదే. వంగి, మఠం వేసుకుని గంటల తరబడి కూర్చోవాలి. తంబాకు ధూళి ఊపిరితో, చేతి చర్మంతో ఒంట్లోకి నికోటిన్ రూపంలో చేరుతుంది. కడుపు పెరిగేకొద్దీ చుట్టే వేగం తగ్గుతుంది, కూలీ తగ్గుతుంది. దాంతో రాత్రి పొద్దుపోయే దాకా కూర్చుంటారు. ఇది ఉద్యోగం కాదు, ఒత్తిడి కాదు అని ఎవరనగలరు?

చట్టం కూడా అలా అనలేదు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం 37వ సెక్షన్ ప్రసూతి ప్రయోజన చట్టాన్ని బీడీ సంస్థలకు వర్తింపజేసింది. ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా అందులో చేర్చింది. ఆ చట్టం ఇప్పుడు కొత్త కోడ్‌లలో కలిసిపోయింది. కాబట్టి మీరు చేయాల్సింది రెండు పనులు. ఒకటి, బీడీ కార్మికురాలి గుర్తింపు కార్డు, పీఎఫ్ నంబరు, ఆకు-తంబాకు ఇచ్చి బీడీలు తీసుకున్న లెక్కల పుస్తకం భద్రంగా ఉంచుకోవడం. మీరు ఎవరి కోసం, ఎన్ని రోజులు చుట్టారో చెప్పేవి అవే. రెండు, టేకేదారును కాకుండా కంపెనీ పేరుతో దరఖాస్తు పెట్టి, దాని కాపీని కార్మిక శాఖకు ఇచ్చి, రాతపూర్వక జవాబు కోరడం. యూనియన్ ఉంటే వారి ద్వారా పది మంది కలిసి ఇవ్వడం మేలు.

ఇంట్లో వీలైతే గాలి ఆడే చోట కూర్చోండి. అరగంటకోసారి లేచి నడవండి. తంబాకు చేతులతో తినకండి, పిల్లలను ఎత్తుకోకండి. ఆకు, తంబాకు పడుకునే గదిలో నిల్వ చేయకండి.

బోధన్ పొలాల్లో పనిచేసేవారికి?

బోధన్ శక్కర్‌నగర్‌లో 1930ల్లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఈ ప్రాంతానికి పెద్ద దిక్కు. 2015 డిసెంబరులో అది మూతపడింది. హాజరు పట్టీ, జీతం స్లిప్పు, యూనియన్ ఉన్న చోట హక్కు అడగడానికి ఒక ఆఫీసు గది అంటూ ఉంటుంది. పొలంలో అది ఉండదు. వరి నాట్లు, పసుపు తవ్వకం, చెరకు నరకడం వంటి పనుల్లో యజమాని రోజుకొకరు. 80 రోజులు ఒకే చోట చేశామని చూపించడం దాదాపు అసాధ్యం. నిజం చెప్పాలంటే జీతంతో కూడిన 26 వారాల సెలవు వీరికి ఇప్పటికీ అందని ద్రాక్షే.

చెరకు నరికే ముఠాల్లో పరిస్థితి ఇంకా కఠినం. పక్కనున్న మహారాష్ట్రలో భార్యాభర్తలను కలిపి ఒకే ‘కోయ్తా’గా, అంటే ఒకే కొడవలిగా లెక్కగట్టి అడ్వాన్స్ ఇస్తారు. ఒకరు మానేస్తే ఇద్దరి కూలీ పోతుంది, పైగా జరిమానా. బీడ్ జిల్లాలో చెరకు కూలీ మహిళలు పెద్ద సంఖ్యలో గర్భసంచి తీయించుకున్నారన్న వార్తలు రావడంతో 2019లో ఆ రాష్ట్ర ప్రభుత్వం విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది. నెలసరికే సెలవు దొరకని పనిలో గర్భిణికి విరామం ఎక్కడిది?

ఇలాంటి పనుల్లో ఉన్నవారు ఈ సేవలనైనా వదులుకోవద్దు:

* అంగన్‌వాడీలో పేరు నమోదు: 2015 నుంచి అమలవుతున్న ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు.
* నెలనెలా 9న పరీక్షలు: ప్రధానమంత్రి సురక్షిత్ మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వైద్యులు చూస్తారు. ఆ ఒక్క రోజు కూలీ పోయినా వెళ్లండి.
* 102 వాహనం: పరీక్షలకు, కాన్పు తర్వాత ఇంటికి తీసుకెళ్లడానికి. అత్యవసరమైతే 108.
* ఈ-శ్రమ్ నమోదు: అసంఘటిత కార్మికులకు ప్రసూతి పథకాలు తేవాలని కొత్త కోడ్ చెబుతోంది. అవి వచ్చినప్పుడు జాబితాలో పేరుండాలి. ఇళ్ల నిర్మాణ పనులకు వెళ్లేవారు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో చేరితే ప్రసూతి సాయం అందుతుంది.

తిరిగి డ్యూటీలో చేరాక..

ఒత్తిడి కాన్పుతో అయిపోదు. బిడ్డకు 15 నెలలు వచ్చే వరకు మామూలు విరామాలు కాకుండా రోజుకు రెండుసార్లు పాలిచ్చే విరామం ఇవ్వాలి. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ కేంద్రం సదుపాయం ఉండాలి. రోజుకు నాలుగుసార్లు బిడ్డను చూసి రావొచ్చు. పని స్వభావాన్ని బట్టి, ఇద్దరూ ఒప్పుకుంటే సెలవు తర్వాత కొన్నాళ్లు ఇంటి నుంచి పని చేయొచ్చు. చేరడానికి ముందే ఈ మూడింటి గురించి మరో లేఖ ఇవ్వండి.

మనసు అదుపులో లేకపోతే?

రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, గుండె దడ, ‘నేను మంచి తల్లిని కాలేను’ అనే ఆలోచన.. వీటిని గర్భంతో మామూలే అని వదిలేయకండి. చెకప్‌లో డాక్టరుతో చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. చనిపోవాలనిపించినా, బిడ్డకు హాని చేయాలనిపించినా ఒంటరిగా ఉండకండి. ఇంట్లో ఒకరికి చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం-చేతుల వాపు, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం.. ఇవి ఒత్తిడి లక్షణాలు కావు, ప్రమాద సూచనలు. షిఫ్టు అయ్యే వరకు ఆగకండి. చేస్తున్న పని అక్కడే వదిలి 108కి ఫోన్ చేయండి.

ఇంట్లోవాళ్లు, తోటివాళ్లు చేయగలిగింది

లేఖ ఇచ్చేటప్పుడు భర్తో, అన్నో, తోటి ఉద్యోగినో వెంట ఉంటే ఆమెకు సగం ధైర్యం. సూపర్‌వైజర్ స్థానంలో ఉన్నవారైతే ఒక కుర్చీ, దగ్గర్లో బాత్రూమ్ ఉన్న కౌంటర్, పగటి షిఫ్టు.. వీటికి పెద్ద ఖర్చు లేదు. పోయేది ఒక అలవాటు మాత్రమే.

ఆఖరుగా ఒక చిన్న పని. ప్రసూతి హక్కుల సారాంశాన్ని స్థానిక భాషలో, మహిళలు పనిచేసే ప్రతి చోటా అందరికీ కనిపించేలా పెట్టడం యజమాని బాధ్యత. రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు గోడ వైపు ఓసారి చూడండి. అక్కడ ఆ కాగితం లేకపోతే, మీ లేఖలో మొదట ఆ సంగతే రాయండి.